ఎక్స్‌ట్రా సిలిండర్ అన్న మాటే తప్పు

"ఎక్స్‌ట్రా ఉంది కదా, ఏం కాదులే." ఈ మాట మనందరికీ బాగా అలవాటు. ఇంట్లో రెండో గ్యాస్ బండ ఉంది కదా అని బుకింగ్ మర్చిపోతాం. పవర్ బ్యాంక్ ఉంది కదా అని ఫోన్ చార్జింగ్ పెట్టం. ప్రాజెక్ట్‌కి పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంది కదా అని ధీమాగా ఉంటాం, ఆ కాపీ అసలు ఓపెన్ అవుతుందో లేదో ఎప్పుడూ చూడం. మామూలు రోజుల్లో దీనివల్ల పెద్దగా పోయేదేం లేదు. మహా అయితే పొయ్యి ఆరిపోతుంది, పక్కింటివాళ్లని బతిమాలి వాళ్ల బండ తెచ్చుకుంటాం.

కానీ ఇదే మాట నమ్ముకుంటే ప్రాణం పోయే చోటు ఒకటుంది. అది టెక్నికల్ స్కూబా డైవింగ్. నేను డైవర్ని కాదు. ఈ సబ్జెక్ట్ మీద పుస్తకాలు, ప్రమాదాల విశ్లేషణలు, ట్రైనింగ్ వీడియోలు వదలకుండా చూసే మామూలు స్టూడెంట్‌ని. అయినా ఒక అభిప్రాయం గట్టిగా ఏర్పడింది కాబట్టి రాస్తున్నాను. డైవర్ ఒంటికి తగిలించుకునే ప్రతి అదనపు సిలిండర్ అతన్ని ఎంత కాపాడగలదో, అంతే సులువుగా చంపగలదు. ఏది జరుగుతుందో తేల్చేది సిలిండర్ల సంఖ్య కాదు. వాటిని మార్చుకునేటప్పుడు పాటించే ఒక చిన్న, బోరు కొట్టే పద్ధతి. ఆ పద్ధతిలో ఎవరికీ, ఎంత సీనియర్‌కైనా, మినహాయింపు ఉండకూడదని నా వాదన.

అసలు అన్ని సిలిండర్లు ఎందుకు?

వైజాగ్ ఋషికొండలో సరదాగా స్కూబా చేసినవాళ్లు మనలో కొందరు ఉంటారు. అక్కడ వీపు మీద ఒక్క సిలిండరే. అందులో ఉండేది మామూలు గాలి. పైకి రావాలనిపిస్తే నెమ్మదిగా వచ్చేయొచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో ఆ సౌకర్యం ఉండదు. 60 మీటర్ల లోతుకి వెళ్లి అక్కడ ఓ ఇరవై నిమిషాలు గడిపినవాడు నేరుగా పైకి రాలేడు.

కారణం మన గోలీ సోడాలో ఉంది. సీసాలో ప్రెషర్ ఉన్నంతసేపు గ్యాస్ నీళ్లలో కరిగి బుద్ధిగా ఉంటుంది. గోలీ నొక్కగానే బుస్సుమని బుడగలు. నీళ్లలో దిగిన మనిషి శరీరమూ అంతే. లోతులో పీల్చిన నైట్రోజన్, హీలియం రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతాయి. ఒక్కసారిగా పైకొస్తే బుడగలు కడతాయి. కీళ్ల నొప్పుల దగ్గర్నుంచి పక్షవాతం, చావు దాకా ఏదైనా కావచ్చు. అందుకే దారిలో చాలా చోట్ల ఆగుతూ రావాలి. దీన్నే డీకంప్రెషన్ అంటారు, డైవర్ల భాషలో డెకో. 2005లో దక్షిణాఫ్రికా డైవర్ నూనో గోమెస్ ఈజిప్ట్‌లోని దహాబ్ దగ్గర ఎర్ర సముద్రంలో 318 మీటర్లు దిగాడు. దిగడానికి పావుగంట పట్టలేదు. పైకి రావడానికి సుమారు 12 గంటలు పట్టింది.

ఇక లెక్క చూడండి. ప్రతి 10 మీటర్లకి ప్రెషర్ దాదాపు 1 బార్ పెరుగుతుంది. పైన 1 బార్, 60 మీటర్ల దగ్గర 7 బార్. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 60 మీటర్ల దగ్గర నిమిషానికి 140 లీటర్లు ఖాళీ చేస్తాడు. అదనంగా తగిలించుకునే సిలిండర్లలో బాగా వాడేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. 200 బార్ నింపితే సుమారు 2200 లీటర్లు పడుతుంది. 60 మీటర్ల దగ్గర అది 16 నిమిషాలకి కూడా రాదు. అదే సిలిండర్ 6 మీటర్ల దగ్గర గంటకి పైనే వస్తుంది. కాబట్టి "ఇంకా సగం ఉంది" అన్న మాటకి నీళ్లలో అర్థం లేదు. ఏ లోతులో సగం అన్నది చెప్పాలి.

ఇదొక్కటే అయితే పెద్ద సిలిండర్లు మోసుకెళితే సరిపోయేది. కానీ ఒకే గ్యాస్ అన్ని లోతులకీ పనికిరాదు. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

మంచి గ్యాస్, చెడ్డ గ్యాస్ అని ఉండవు

ఇంట్లో మొదటి బండలో ఉన్నదే రెండో బండలోనూ ఉంటుంది. ఏది ముందు బిగించినా అన్నం ఉడుకుతుంది. డైవర్ సిలిండర్లు అలా కాదు.

ఇంటర్ కెమిస్ట్రీలో డాల్టన్ లా చదివి, ఎంసెట్ రాసి, మర్చిపోయాం కదా. డైవర్లు దాని మీదే బతుకుతారు. గ్యాస్ మిశ్రమంలో ఆక్సిజన్ వంతు ఎంతో, దాన్ని చుట్టూ ఉన్న ప్రెషర్‌తో గుణిస్తే ఆక్సిజన్ పార్షియల్ ప్రెషర్ వస్తుంది. అది పని చేసే సమయంలో 1.4 బార్, డెకో స్టాప్‌ల దగ్గర కదలకుండా ఉన్నప్పుడు 1.6 బార్ దాటకూడదని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే హద్దు. దాటితే ఆక్సిజన్ నాడీ వ్యవస్థకి విషమవుతుంది. ఎక్కువ ప్రెషర్‌లో ఆక్సిజన్ మూర్ఛ తెప్పిస్తుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లోనే రాశాడు. ఒడ్డున మూర్ఛ వస్తే పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు, కాసేపటికి తేరుకుంటాం. నీళ్లలో మూర్ఛ వస్తే నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతుంది. మనిషి మునిగిపోతాడు. ఎంతసేపటికి వస్తుందన్నది మనిషిని బట్టి, రోజుని బట్టి మారుతుంది. ముందు హెచ్చరిక ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు.

ఇప్పుడు 60 మీటర్ల డైవ్ ఒకటి ఊహించుకోండి. వీపు మీద రెండు సిలిండర్ల జత. అందులో ట్రైమిక్స్: 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్. లోతులో నైట్రోజన్ మత్తెక్కిస్తుంది కాబట్టి దాన్ని తగ్గించడానికి హీలియం కలుపుతారు. ఎడమ పక్కన రెండు అల్యూమినియం సిలిండర్లు వేలాడుతుంటాయి. ఒకదాంట్లో 50 శాతం ఆక్సిజన్, అది 21 మీటర్ల నుంచి పైకి వాడాలి. రెండోదాంట్లో 100 శాతం ఆక్సిజన్, అది 6 మీటర్ల దగ్గర మాత్రమే. ఈ రెండూ డెకోని త్వరగా ముగించడానికి. ఆక్సిజన్ ఎక్కువైన కొద్దీ శరీరంలో చేరిన మిగతా గ్యాసులు త్వరగా బయటికి పోతాయి.

డైవర్ 21 మీటర్లకి వచ్చాడు. ప్రెషర్ 3.1 బార్. 50 శాతం సిలిండర్ తీసుకుంటే 1.55 బార్, హద్దులోనే ఉన్నాడు. పొరపాటున పక్కది తీసుకుంటే 3.1 బార్, అంటే హద్దుకి దాదాపు రెట్టింపు. రెండు సిలిండర్లూ ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే తరహా వాల్వ్, ఒకే తరహా రెగ్యులేటర్. రెండిట్లోనూ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పీల్చగానే హాయిగానే ఉంటుంది. తప్పు చేసినట్టు ఒళ్లు చెప్పదు.

ఇది కాక మరీ లోతుకి వెళ్లేవాళ్లు 10 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమాలు కూడా వాడతారు. 100 మీటర్ల దగ్గర అది సరిగ్గా సరిపోతుంది. అదే సిలిండర్ నీటి పైన పీలిస్తే ఆక్సిజన్ చాలక స్పృహ తప్పుతుంది. ఒక చోట ప్రాణం పోసేది ఇంకో చోట ప్రాణం తీస్తుంది. అందుకే సిలిండర్ ఎక్కువైతే భద్రత ఎక్కువ అన్న సూత్రం నాకు మొదటి నుంచీ నచ్చదు. ఒక సిలిండర్ ఉంటే తప్పు సిలిండర్ తీసుకునే ప్రశ్నే లేదు. నాలుగు ఉంటే ప్రతి మార్పు దగ్గరా ఒకటి సరైనది, మూడు కావు.

"ఎక్స్‌ట్రా" ఏది, అవసరం ఏది

మన భాషలోనే ఒక పొరపాటుంది. వీపు మీద ఉన్నది అసలు సిలిండర్, పక్కన వేలాడేవి ఎక్స్‌ట్రా అంటాం. నిజానికి డెకో సిలిండర్ ఎక్స్‌ట్రా కాదు. ఆ డైవ్‌లో అది కచ్చితంగా వాడాల్సిందే. అది లేకపోతే ప్లాన్ చేసిన టైముకి పైకి రావడం కుదరదు. రీబ్రీదర్ వాడేవాళ్ల పక్కన ఉండే బెయిలౌట్ సిలిండర్ వేరే రకం. వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్లీ పీల్చడానికిచ్చే ఆ యంత్రం పాడైతేనే దాన్ని వాడతారు. అది అచ్చంగా బ్యాకప్.

ఈ రెండిటి జబ్బులు వేరు. బెయిలౌట్ సిలిండర్‌ని డైవ్ తర్వాత డైవ్ ముట్టుకోకపోవచ్చు. కాబట్టి దాన్ని సరిగ్గా చూడకుండా వదిలేసే ప్రమాదం ఎక్కువ. మన పెన్‌డ్రైవ్ కాపీ లాగా. డెకో సిలిండర్‌ని ప్రతిసారీ వాడతారు. కాబట్టి అలవాటుపడిపోయి కళ్లు మూసుకుని మార్చేసే ప్రమాదం ఎక్కువ. రెండిటినీ కలిపి "ఎక్స్‌ట్రా" అనేస్తే రెండు జబ్బులూ కనపడవు.

అవసరమైనదాన్ని ఎక్స్‌ట్రా అనుకుంటే ఏమవుతుందో చెప్పే విషాదం ఒకటి 1992లో జరిగింది. అమెరికాలో న్యూజెర్సీ తీరానికి దూరంగా, సుమారు 70 మీటర్ల లోతులో, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి ఒకటి దొరికింది. అది యూ-869 అని తర్వాత తేలింది. ఆ ఏడాది అక్టోబర్ 12న క్రిస్ రౌస్, అతని కొడుకు క్రిసీ రౌస్ దానిలోకి డైవ్ చేశారు. కొడుకు ఇరవై దాటిన కుర్రాడు, అంటే మన ఫైనల్ ఇయర్ వాళ్ల వయసు. ఇద్దరూ శిక్షణ పొందిన గుహ డైవర్లు. ఆ రోజు వాళ్లు పీల్చింది మామూలు గాలి. ఆ లోతులో దాని మత్తు చాలా ఎక్కువ. పైకి వచ్చేటప్పుడు కావాల్సిన సిలిండర్లని శకలం బయట పెట్టి లోపలికి వెళ్లారు.

లోపల కొడుకు మీద సామాను కూలి ఇరుక్కుపోయాడు. తండ్రి వెళ్లి విడిపించాడు. బయటికి వచ్చేసరికి ఇద్దరికీ దిక్కు తెలియలేదు. బయట పెట్టిన సిలిండర్ల కోసం వెతుకులాటలో టైము, గాలి రెండూ అయిపోయాయి. చివరికి డెకో లేకుండా నేరుగా పైకి వచ్చారు. ఇద్దరూ బతకలేదు. వాళ్ల కథ మీద పుస్తకాలే వచ్చాయి.

వాళ్లని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ తండ్రి చేసిన పని ఏ తండ్రి అయినా చేస్తాడు. నేను చూసేది ఒక్కటే. సిలిండర్లు వాళ్లకి ఉన్నాయి. అవసరమైన క్షణంలో అవసరమైన చోట లేవు. సిలిండర్ ఉండటం ఒక విషయం, అది చేతికి అందడం ఇంకో విషయం. లోపల పెట్టాలా, బయట వదలాలా, ఒంటికే తగిలించుకోవాలా అన్నది సామాను సర్దుకునే సమస్యలా కనిపిస్తుంది. అది నిజంగా ప్రాణాన్ని ఎక్కడ దాచుకోవాలన్న ప్రశ్న.

స్టిక్కర్ మీద ఏం రాయాలి?

చాలామందికి చిన్న విషయంలా అనిపించే చోటే నాకు బాగా ఆసక్తి. సిలిండర్ మీద ఏం రాయాలి? "50 శాతం" అనా? "నైట్రాక్స్" అనా? రంగు టేపు చుట్టాలా?

ఫ్లోరిడాలో వకల్లా స్ప్రింగ్స్ అనే చోట నీటి కింద కిలోమీటర్ల కొద్దీ గుహలున్నాయి. వాటిని సర్వే చేసిన వుడ్‌విల్ కార్స్ట్ ప్లెయిన్ ప్రాజెక్ట్ టీమ్ ఒక్కో డైవ్‌లో ఎన్నో సిలిండర్లు వాడాల్సి వచ్చేది. వాళ్లు పాటించిన పద్ధతి చాలా సింపుల్. సిలిండర్ మీద పెద్ద అంకెల్లో ఆ గ్యాస్ ఎంత లోతు వరకు పీల్చొచ్చో ఆ లోతు మాత్రమే. మీటర్లలో అయితే 50 శాతం సిలిండర్ మీద 21, స్వచ్ఛమైన ఆక్సిజన్ మీద 6. దీన్ని ఎంఓడీ అంటారు. అంకె సిలిండర్‌కి రెండు వైపులా ఉంటుంది, ఒకటి మోసేవాడికి, ఇంకోటి పక్కనున్న తోటి డైవర్‌కి కనిపించేలా.

దీనిలో తెలివి ఎక్కడుందో చూడండి. "50 శాతం" అని రాస్తే డైవర్ బుర్రలో లెక్క చేయాలి: 50 శాతం అంటే ఎంత లోతు, నేనెక్కడ ఉన్నాను. అలిసిపోయి, చలికి వణుకుతూ, కాస్త మత్తులో ఉన్న బుర్రతో. "21" అని రాస్తే లెక్క లేదు. చేతి గేజ్ మీద ఉన్న అంకె, సిలిండర్ మీద ఉన్న అంకె కన్నా ఎక్కువా తక్కువా? అంతే. లోపల ఏముందో చెప్పే లేబుల్ కన్నా, ఇప్పుడు ఏం చేయాలో చెప్పే లేబుల్ మేలు. మనం వేరియబుల్‌కి పేరు పెట్టేటప్పుడు కూడా ఇదే ఆలోచించాలి, కానీ మనం "టెంప్ 2" అని పెట్టి ముందుకెళ్లిపోతాం.

రంగుల పద్ధతికి నేను వ్యతిరేకిని. నీళ్లలో దిగిన కొన్ని మీటర్లకే ఎరుపు రంగు పోతుంది, బూడిదలా కనిపిస్తుంది. టార్చ్ ఉంటే కనిపిస్తుంది నిజమే, కానీ టార్చ్ ఆరిపోయిన రోజే కదా పద్ధతి అవసరం. పచ్చ రెగ్యులేటర్ ఉన్నది ఆక్సిజన్, కుడి పక్కన ఉన్నది ఇంకోటి అని గుర్తు పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. అవి గుర్తులుగా పనికొస్తాయి, రుజువుగా పనికిరావు. రెగ్యులేటర్‌ని ఒడ్డున వేరే సిలిండర్‌కి బిగిస్తే ఆ రంగు అబద్ధం చెబుతుంది. వైపుల పద్ధతీ అంతే. దారిలో ఒక సిలిండర్ తీసి ఇంకోవైపు తగిలిస్తే నమ్మకం తలకిందులవుతుంది.

అంకె నిజం కావాలంటే ఇంకో పని ఉంది. నింపిన తర్వాత గ్యాస్‌ని అనలైజర్‌తో కొలవాలి. ఎవరు డైవ్ చేస్తారో వాళ్లే కొలవాలి. శాతం, తేదీ, తమ సంతకం టేపు మీద రాయాలి. షాపు వాళ్లు చెప్పారు, ఫ్రెండ్ కొలిచాడు అన్నది చాలదు. కొలవని సిలిండర్‌ని పెద్ద అంకెతో అలంకరించడం కన్నా, ఏమీ రాయకుండా వదిలేయడమే నయం. కనీసం ఎవరూ నమ్మరు.

ఒక్క నిమిషం పద్ధతి

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన బోరు కొట్టే పద్ధతి. శిక్షణ సంస్థని బట్టి వరుస కాస్త మారుతుంది, సారం ఒకటే.

వాడని సిలిండర్ రెగ్యులేటర్ ఎప్పుడూ రబ్బరు బ్యాండ్ కింద దోపి ఉంటుంది. వాల్వ్ ఒకసారి తెరిచి, హోస్‌లో ప్రెషర్ నింపి, మళ్లీ మూసి ఉంచుతారు. దీనికి రెండు లాభాలు. రెగ్యులేటర్ దానంతటదే బుసకొట్టినా సిలిండర్ ఖాళీ కాదు. పొరపాటున ఎవరైనా నోట్లో పెట్టుకున్నా ఒకటి రెండు ఊపిర్లకే ఆగిపోతుంది, తప్పు వెంటనే తెలుస్తుంది.

మార్చే లోతుకి చేరాక ముందు టీమ్ అంతా ఆగుతుంది. డైవర్ తన గేజ్ మీద లోతు చూస్తాడు. సిలిండర్ మీద అంకె చదువుతాడు. రెగ్యులేటర్ బయటికి తీసి వాల్వ్ తెరుస్తాడు. తర్వాతిదే ముఖ్యం. వాల్వ్ దగ్గర నుంచి హోస్ వెంబడి చేత్తో తడుముకుంటూ రెగ్యులేటర్ దాకా వస్తాడు. అంకె చదివిన సిలిండరూ, నోట్లో పెట్టుకోబోయే రెగ్యులేటరూ ఒకటేనని ఇదే రుజువు. అప్పుడు తోటి డైవర్‌కి చూపిస్తాడు. అతను కూడా లోతు చూసి, అంకె చదివి, హోస్ వెంట చూపు నడిపి, ఓకే అని సైగ చేస్తాడు. అప్పుడే నోట్లోకి. పీలుస్తూ ఆ సిలిండర్ గేజ్ ముల్లు కదులుతోందా అని చూస్తాడు. తర్వాత పాతది సర్దేస్తాడు. ఇప్పుడు రెండో డైవర్ వంతు. ఇద్దరూ ఒకేసారి మార్చరు, ఒకరు చూడాలి కదా.

మొత్తం ఒక నిమిషం. చదివితే కిరాణా కొట్టులో చిల్లర లెక్కపెట్టినట్టుంది. ఇందులో హీరోయిజం ఏమీ లేదు. నాకు నచ్చింది కూడా అదే. ఈ పద్ధతి డైవర్ జ్ఞాపకశక్తిని నమ్మదు, తెలివిని నమ్మదు, అనుభవాన్ని నమ్మదు. లోతు, అంకె, హోస్, ఇంకో మనిషి కళ్లు. ఈ నాలుగే.

"నాకు అవసరం లేదు" అనేవాళ్లకి

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మూడూ తేలిగ్గా తీసేయదగ్గవి కావు.

మొదటిది అనుభవం. "వందల డైవ్‌లు చేశాను, నా సిలిండర్ నాకు తెలియదా?" తెలుసు. తొంభై తొమ్మిది సార్లు తెలుసు. కానీ అలవాటైన పనిలోనే చెయ్యి బుర్ర కన్నా ముందు పోతుంది. షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ గుహ డైవర్ గుహల్లో జరిగిన మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. గ్యాస్‌లో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మూడో వంతు ఆపదకి అన్న నియమం దానివల్లే బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ పద్ధతిలో నాకు నచ్చేది, చనిపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లు అనుకోకుండా, ఏ నియమం ఉంటే వాళ్లు బతికేవాళ్లో వెతకడం. ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని జకటోన్‌లో చాలా లోతైన డైవ్‌లో చనిపోయాడు. ఆయనంతటివాడికే నీళ్లు మినహాయింపు ఇవ్వలేదు.

రెండోది టెక్నాలజీ. ఇప్పుడు డైవ్ కంప్యూటర్లు 21 మీటర్లకి రాగానే గ్యాస్ మార్చుకోమని గుర్తు చేస్తాయి. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్లు ఏ సిలిండర్‌లో ఎంత ప్రెషర్ ఉందో చేతి మీదే చూపిస్తాయి. మంచివే, వాడాలి. కానీ మామూలు డైవ్ కంప్యూటర్‌కి డైవర్ నోట్లో ఏముందో తెలియదు. మెనూలో ఏది ఎంచుకుంటే అదే పీలుస్తున్నాడని నమ్మి లెక్క వేస్తుంది. సీఎస్ఈ వాళ్లం మనకి ఇది కొత్త కాదు. ఇన్‌పుట్ తప్పయినా ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వకుండా అందమైన అవుట్‌పుట్ ఇస్తుంది. తప్పు గ్యాస్ పీలుస్తున్న డైవర్ చేతి మీద కూడా స్క్రీన్ పచ్చగానే ఉంటుంది.

మూడోది మొహమాటం. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ నా దృష్టిలో ఇదే పెద్దది. సీనియర్ గ్యాస్ మార్చుకుంటుంటే జూనియర్ ఆపి "ఒక్క నిమిషం, మీ హోస్ చూడనివ్వండి" అనగలడా? మన దగ్గరైతే కష్టం. ల్యాబ్‌లో సీనియర్ అన్న కనెక్షన్ ఇచ్చాక మళ్లీ చెక్ చేస్తే "ఏంట్రా, నా మీద నమ్మకం లేదా?" అంటాడు. చెక్ చేయడం అంటే అనుమానించడం అని మనం నేర్చుకున్నాం. డైవింగ్ పద్ధతి ఈ ముడిని బాగా విప్పింది. చూడమని అడిగేది జూనియర్ కాదు, మార్చుకుంటున్నవాడే తనంతట తాను చూపించాలి. చూపించకపోతే పని పూర్తి కానట్టే. అప్పుడు అడగడం అవమానం కాదు, చూపించడం చిన్నతనం కాదు. ఇద్దరి మధ్య మర్యాద కూడా నిలబడుతుంది.

అందుకే సీనియర్లకి మినహాయింపు వద్దంటున్నాను. ఒక్క సీనియర్ "నాకు అక్కర్లేదు" అని మార్చుకుంటే, ఆ రోజు అతనికి ఏమీ కాకపోవచ్చు. కానీ పక్కనున్న కొత్తవాడు నేర్చుకునేది అదే. చెక్ అనేది నేర్చుకునేవాళ్ల పని, వచ్చినవాళ్లకి అక్కర్లేదు అని. రెండేళ్ల తర్వాత ఆ కొత్తవాడూ సీనియర్ అవుతాడు.

ఎన్ని మోయగలమో అన్నే

ఇంకో మాట. పద్ధతి ఎంత బాగున్నా మనిషికి ఒక హద్దు ఉంటుంది. ప్రతి సిలిండర్ ఒక వాల్వ్, ఒక హోస్, ఒక గేజ్, రెండు కొక్కేలు. నిండుగా ఉన్నప్పుడు అల్యూమినియం సిలిండర్ నీళ్లలో కొంచెం కిందికి లాగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ తోక పైకి లేచి తేలుతుంది. డైవర్ బ్యాలెన్స్ మారిపోతుంది. ఇవన్నీ చూసుకుంటూ లోతు మారకుండా నిలబడాలి. అందుకే శిక్షణలో ముందు ఒక్క అదనపు సిలిండర్‌తో మొదలుపెట్టి, అది పూర్తిగా ఒంటబట్టాకే రెండోది ఇస్తారు. ఒకటి పోతే ఎలా, 50 శాతం సిలిండర్ పనిచేయకపోతే వీపు మీద ఉన్న గ్యాస్‌తో డెకో పూర్తి చేయగలమా, టీమ్‌లో ఇంకొకరిది పంచుకోవాలా అన్న లెక్క ఒడ్డునే వేసుకుంటారు. లెక్క కుదరకపోతే సిలిండర్ పెంచరు, డైవ్ తగ్గిస్తారు. కనీసం తగ్గించాలి.

సిలిండర్లు మోయడమే ఎంత ప్రమాదమో 2018లో ప్రపంచమంతా చూసింది. థాయిలాండ్‌లో థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకున్నప్పుడు, దారి పొడవునా సిలిండర్లు ముందుగా పెట్టుకుంటూ వెళ్లారు. ఆ పని చేసి తిరిగి వస్తూ జూలై 6న మాజీ థాయ్ నేవీ సీల్ సమన్ కునన్ చనిపోయారు. తర్వాత నాలుగు రోజుల్లో పిల్లలందరూ, కోచ్ బయటపడ్డారు. టీవీలో మనం చూసింది పిల్లలు బయటికి రావడం. వాళ్లని తెచ్చినవాళ్లు దారిలో వాడుకున్న ప్రతి సిలిండర్‌నీ ఎవరో ఒకరు ప్రాణం పణంగా పెట్టి అక్కడికి చేర్చారు. మీడియా భాషలో అవి కూడా "అదనపు సిలిండర్లే".

మనలో చాలామంది ఎప్పుడూ 60 మీటర్లు దిగరు. నేనూ దిగుతానో లేదో తెలియదు. కానీ రేపు ఉద్యోగాల్లో మనం రాసేవి ఆసుపత్రిలో, రైల్వేలో, బ్యాంకులో ఎక్కడో ఒక చోట నడుస్తాయి. అక్కడ కూడా "బ్యాకప్ ఉంది కదా" అనే మాట రోజూ వినిపిస్తుంది. ఆ రోజు ఎవరినైనా నాలుగు ప్రశ్నలు అడగండి. అందులో ఏముందో మీరే కొలిచారా? దాని మీద రాసింది చూస్తే ఏం చేయాలో తెలుస్తుందా? ఆ తీగ చివరిదాకా తడిమి చూశారా? ఇంకొకరికి చూపించారా?

అడిగితే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. అంతకన్నా ముందు ఎవరైనా మనల్ని అడిగినప్పుడు మనకి కోపం రాకుండా చూసుకుందాం. "ఇదిగో, చూడు" అని మనమే ముందు చూపిద్దాం. ఈ సెమిస్టర్ మైక్రోప్రాసెసర్ ల్యాబ్ నుంచే మొదలుపెట్టొచ్చు.